అక్కకు లేని నొప్పి

నేను ఒక లాపరోస్కోపును. పేరు పలకడానికి నోరు తిరక్కపోతే దిగులు పడకండి, నన్ను వాడిన వాళ్ళలో సగం మందికి తిరిగేది కాదు. ఆసుపత్రి ఆయాలు ‘లేపరస్కోపు’ అనేవారు. ఆపరేషన్‌కి వచ్చిన ఆడవాళ్ళు ‘లైటు గొట్టం’ అనేవారు. స్టాఫ్ నర్సు ఎస్తేరమ్మ మాత్రం నన్ను కడిగేటప్పుడల్లా ‘ఒంటికన్నోడా’ అని పిలిచేది. ఆ పిలుపే నాకు ఇష్టం.

చూడటానికి నేను ఏమంత గొప్పగా ఉండను. మూరెడు పొడవుంటాను, చూపుడువేలంత లావు. ఒక చివర మనిషి కన్ను ఆనించే చోటు, రెండో చివర నా కన్ను, మధ్యలో స్టీలు గొట్టం నిండా ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన గాజు కడ్డీలు. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కడుపులోకి గాలి పంపి, ఆ గాటులోంచి నన్ను లోపలికి దించుతారు. లోపల నేను చూసింది చూసినట్టు బయట కన్ను ఆనించినవాళ్ళకు అందిస్తాను. అంతవరకే నా పని. చూసినదానికి అర్థం చెప్పడం మనుషుల వంతు. ఆ పని వాళ్ళు ఒక్కోసారి ఎంత గొప్పగా చేస్తారో, ఒక్కోసారి ఎంత హడావుడిగా తేల్చేస్తారో దగ్గరుండి చూసినవాడిని.

నన్ను జర్మనీలో కొండల మధ్య ఒక ఊళ్ళో తయారుచేశారు. నాలో గాజు కడ్డీలు అమర్చింది ఒక నడివయసు ఆవిడ. ఊపిరి తగిలితే గాజు మీద ఆవిరి పడుతుందని, ఒక్కో కడ్డీ దించేటప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టేది. దించాక వదిలేది. నేను ఏ దేశం వెళతానో, ఎవరి కడుపు చూస్తానో ఆవిడకు తెలియదు. అయినా అంత జాగ్రత్త పడింది. మనుషుల మీద నాకు మొదటి నుంచీ ఉన్న అభిమానానికి ఆవిడే కారణం కావచ్చు.

అక్కణ్ణుంచి ఓడలో మద్రాసు వచ్చాను. తరవాత కాకినాడలో ఒక సర్కారు గోదాములో ఇనుప బీరువాలో కూర్చున్నాను. గోదాము గుమాస్తా నన్ను ప్రాణంలా చూసుకున్నాడు. ఎవరైనా వాడితే పాడైపోతానని ఆయన భయం. అందుకని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆసుపత్రుల నుంచి మనుషులు వచ్చి అడిగినా ‘తాళం చెవి లేదండి’ అనేవాడు. ఆయన బదిలీ అయ్యాకే నాకు వెలుతురు కనపడింది.

గోదావరి కాలువ గట్టున ఉన్న ఒక ప్రభుత్వాసుపత్రికి నన్ను పంపారు. ఊరి పేరు చెప్పను. చుట్టూ కడియం వైపు నర్సరీలు, పూల తోటలు. ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్ళ చేతులకు ఎప్పుడూ ఎర్రమట్టి అంటుకుని ఉండేది. అక్కడ నా పని పిల్లలు చాలనుకున్న ఆడవాళ్ళకు ఆపరేషన్ చెయ్యడంలో సాయపడటం. గర్భసంచికి రెండు పక్కలా ఉండే గొట్టాలను నేను వెతికి చూపిస్తే, డాక్టరు వాటికి చిన్న రబ్బరు రింగులు వేసి మూసేసేవారు.

మొదట నన్ను పట్టుకున్నది డాక్టర్ భీమశంకరంగారు. చెయ్యి చాలా వేగం. జోకులు వేస్తూ, బల్ల మీద ఉన్న మనిషిని నవ్విస్తూ పని పూర్తి చేసేవారు. ఆయన చేతిలో ఒక్క ప్రాణానికీ ముప్పు రాలేదు. కాని ఆయన గొట్టాల కోసమే చూసేవారు, గొట్టాలే కనపడేవి. ఒక్కోసారి గర్భసంచి వెనక గోడ మీద ఆవగింజల్లా నల్లటి మచ్చలు నా కంట పడేవి. ఎవరో అగ్గిపుల్లతో చురకలు పెట్టినట్టుండేవి. చూశాను, ఆయన కంటికీ అందించాను. కుడి గొట్టం దొరికిందా, రింగు పడిందా, ఎడమది దొరికిందా, అది పడిందా, తరవాతి మనిషిని పిలవండి. బయట ఇంకా ఎంతోమంది కూర్చుని ఉండేవారు మరి. ఆయన్ని తప్పు పట్టలేను.

ఆయన రిటైరయ్యాక డాక్టర్ హైమావతిగారు వచ్చారు. విజయవాడ మనిషి, సన్నగా, పొడుగ్గా, ముక్కుమీద కళ్ళజోడు జారుతూ ఉండేది. ఆవిడకో అలవాటు. రింగులు వేసి పని అయిపోయాక కూడా నన్ను వెంటనే బయటికి తీసేది కాదు. మెల్లగా అటూ ఇటూ తిప్పి, గర్భసంచి వెనక, అండాశయాల కింద, పేగుల పక్కన ఒకసారి చూసేది.

“పని అయిపోయింది కదా మేడమ్‌గారూ, ఇంకా ఏం వెతుకుతున్నారు?” అంది ఎస్తేరమ్మ మొదటిసారి.

“ఒకరింటికి వచ్చాం కదా సిస్టర్, గుమ్మంలోంచే పోతే ఏం బావుంటుంది?” అంది డాక్టరమ్మ.

ఎస్తేరమ్మ మూతి ముడిచింది గాని తరవాత ఆవిడకే అలవాటైపోయింది.

అలా చూస్తున్నప్పుడే నూకరత్నం కడుపు మా ముందుకు వచ్చింది.

నూకరత్నం నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే మనిషి. గట్టి మనిషి, నల్లగా, బలమైన భుజాలు. ఇద్దరు పిల్లలు, ఇంక చాలని తనే వచ్చింది. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా’ అని అడిగితే ‘నాకేటండి, రాయిలా ఉన్నాను’ అంది. ఆ రోజుల్లో ఆ ఆపరేషన్‌కి పూర్తిగా మత్తు ఇచ్చేవారు కాదు. నొప్పి తెలియకుండా ఒక సూది, కాస్త మగతకు ఒక సూది. మనిషికి మాటలు వినపడుతూనే ఉండేవి.

రింగులు పడ్డాయి. డాక్టరమ్మ అలవాటుగా నన్ను వెనక్కి తిప్పింది. అక్కడ మచ్చలు ఒకటీ రెండూ కాదు. గర్భసంచి వెనక గోడంతా నలుపూ నీలమూ కలిసిన చుక్కలు. కొన్నిచోట్ల పాత పుండు మానినట్టు తెల్లగా ముడుచుకుపోయిన పొర. ఎడమ అండాశయం మీద గోధుమరంగు బుడిపె, దాన్ని పక్కగోడకు అతికించినట్టు సన్నటి పొరలు. నేను ఎన్నో కడుపులు చూశాను గాని ఇంతగా ఎక్కడా చూడలేదు.

“అబ్బా, ఎంత ఎండోమెట్రియోసిస్!” అంది డాక్టరమ్మ పైకే. తనని తాను మరిచిపోయి అన్న మాట అది.

బల్ల మీద నుంచి గొంతు లేచింది. “ఏటండి అమ్మగారూ? ఏటుందండి?”

“ఏం లేదు తల్లీ, పడుకో” అంది ఎస్తేరమ్మ కంగారుగా.

“ఏదో ఉందన్నారు కదండి. కేన్సరా అండి?”

“కాదమ్మా, కేన్సర్ కానే కాదు” అంది డాక్టరమ్మ. “రేపు పొద్దున్న నేనే వచ్చి చెబుతాను. ఇప్పుడు కదలకుండా ఉండు.”

ఆవిడ చెయ్యి నా మీద బిగుసుకుంది. పక్కనే మచ్చలు కాల్చే పరికరం సిద్ధంగా ఉంది. ఎస్తేరమ్మ దాని వైపు చూసి, ‘పెట్టమంటారా’ అన్నట్టు తలెగరేసింది. డాక్టరమ్మ ఆలోచించింది. ఈ మనిషి గొట్టాలు మూయించుకోవడానికి వచ్చింది గాని మచ్చలు కాల్పించుకోవడానికి రాలేదు. దానికి ఆవిణ్ణి అడగనూ లేదు. పైగా నొప్పి లేదంటోంది. అక్కరలేకపోయినా పక్కన పేగు ఉన్నచోట కాల్చడం ఎందుకు? తల అడ్డంగా ఊపి నన్ను బయటికి తీసింది.

మర్నాడు పొద్దున్న నూకరత్నాన్ని వార్డులోంచి ఆపరేషన్ థియేటరు పక్క గదికి తీసుకొచ్చారు. వార్డులో ఒక్కో మంచం చుట్టూ నలుగురు చుట్టాలు, రహస్యం చెప్పుకునే చోటు కాదు. ఆ గదిలోనే ఎస్తేరమ్మ నన్ను కడిగి, ఆరబెట్టి, గుడ్డతో తుడుస్తుంది. అలా ఆ మాటలన్నీ నాకు తెలిశాయి.

నూకరత్నం రాత్రంతా నిద్రపోలేదని మొహమే చెబుతోంది. స్టూలు మీద అంచున కూర్చుంది, లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే కొందరిలో బయట కూడా పెరుగుతుంది. నెలనెలా లోపలి పొరతోపాటు అది కూడా రక్తం కారుస్తుంది. బయటికి పోయే దారి ఉండదు. అక్కడే గడ్డకట్టి, పుండై, మచ్చ పడుతుంది. కొందరికి భరించలేని నొప్పి, కొందరికి పిల్లలు పుట్టడం కష్టం, కొందరికి ఏమీ తెలియదు.

“నాకు తెలీదండి మరి. నిజ్జంగా తెలీదు” అంది నూకరత్నం.

డాక్టరమ్మ ఆ మాటను అంతటితో వదల్లేదు. నెలసరి ముందు నడుం లాగుతుందా? తొడల్లోకి పోటు వస్తుందా? దొడ్డికి కూర్చున్నప్పుడు నొప్పా? భర్త పక్కన పడుకున్నప్పుడు? పని మానుకుని పడుకోవాల్సి వచ్చిందా? ఒక్కొక్కటే అడిగింది. నూకరత్నం సిగ్గుపడుతూనే అన్నిటికీ లేదంది. సిగ్గుతో అబద్ధం ఆడుతోందేమోనని డాక్టరమ్మ కళ్ళలోకి చూసింది. అబద్ధం కాదు. ఆ రాయిలాంటి మనిషికి నిజంగానే ఏమీ లేదు.

“అయితే ఏమీ చెయ్యక్కర్లేదు. నొప్పి మొదలైతే రా, చూద్దాం. లేకపోతే దాని పాటికి దాన్ని ఉండనీ.”

నూకరత్నం అయోమయంగా చూసింది. తరవాత కొంచెం కోపంగా, “ఏటీ చెయ్యక్కర్లేనప్పుడు నాకెందుకు చెప్పేరండి? రాత్రంతా పిల్లల మొహాలే కళ్ళముందు ఆడేయి” అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. “నిన్న నా నోరు జారింది, దానికి ఏమనుకోకు. కాని నీ ఒంట్లో ఉన్నది నీకు తెలియకుండా నా దగ్గర దాచుకోవడం కూడా బావుండదు కదమ్మా” అంది.

నూకరత్నం లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“నొప్పెట్టేవోళ్ళకి ఎలా నొప్పెడతాదండి?”

“ఒక్కొక్కరికి ఒక్కోలా. కొందరికి నెలసరి రావడానికి ముందే మొదలవుతుంది. పొత్తికడుపులో మెలిపెట్టి పిండినట్టుంటుంది. వాంతులవుతాయి. చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మంచం కోడు పట్టుకుని ముడుచుకుపోతారు.”

నూకరత్నం గోడకు ఆనుకుంది. కుట్లు లాగాయో ఏమో, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుంది.

“అది మా సత్యవేణండి” అంది.

సత్యవేణి ఆవిడ చెల్లెలు. ఇద్దరూ ఒకే నర్సరీలో పనిచేసేవారు. చెయ్యి పనితనంలో చెల్లెలే మెరుగు. గులాబీ అంటు కడితే పచ్చగా పట్టుకోవాల్సిందే. కాని నెలకోసారి చెట్ల మధ్య కూలబడిపోయేది. పెళ్ళయి చాలాకాలమైనా పిల్లల్లేరు. భర్త మంచివాడే గాని నొప్పి మాట వస్తే ఏం చెయ్యాలో తెలియక వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. అత్తగారూ, మేస్త్రీ, కన్నతల్లీ అందరిదీ ఒకటే మాట: ‘మీ అక్కకు లేవా నెలసరులు? ఒకే కడుపున పుట్టారు కదా!’

“ఆళ్ళందరూ అన్నదొక ఎత్తండి. నేనన్నది ఇంకో ఎత్తు” అంది నూకరత్నం. “మేస్త్రీ దాన్ని పనిలోంచి తీసేత్తానన్న రోజున, అది నా ఒంక చూసింది. నేనేదైనా చెప్తానని. అందరిలోనూ అన్నానండి, నాకూ వత్తాయి, నేను మానేత్తున్నానా, నాటకాలాడకే అని. ఆ పూటే వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాటాడలేదు.”

ఎస్తేరమ్మ నన్ను తుడుస్తున్న గుడ్డ ఆపేసింది.

“ఇది అక్కచెల్లెళ్ళలో ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ” అంది డాక్టరమ్మ. “మచ్చలు ఎక్కువ ఉన్నవాళ్ళకే నొప్పి ఎక్కువ అని కూడా ఏం లేదు. నీకు కడుపునిండా ఉన్నాయి, నొప్పి లేదు. ఆ అమ్మాయికి కొంచెమే ఉన్నా చాలు, ప్రాణం తీసేస్తుంది. తీసుకురా, చూస్తాను.”

“నేను పిలిత్తే రాదండి.”

“అయినా పిలువు.”

కుట్లు తీయించుకోవడానికి వచ్చినప్పుడు నూకరత్నం ఒంటరిగానే వచ్చింది. చెల్లెలి ఇంటికి వెళ్ళిందట. డాక్టరమ్మ చెప్పిందంతా అరుగు మీద కూర్చుని చెప్పిందట. సత్యవేణి గుమ్మంలో నిలబడి చివరిదాకా విని, ఒక్కటే అడిగిందట.

“ఇప్పుడు డాక్టరమ్మ చెప్పిందని నమ్మేవా అక్కా? మరి ఇన్నేళ్ళూ నేను చెప్పిందేంటి?”

అని తలుపు వేసుకుందట.

ఆ మాట చెప్పి నూకరత్నం ఏడ్చింది. ఎస్తేరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది గాని, ఆవిడ వినలేదు. “అది అడిగిందాంట్లో తప్పేటుందండి?” అంటూ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత జరిగింది నేను చూడలేదు. ఎస్తేరమ్మ ఆడపడుచు అదే నర్సరీలో పనిచేసేది. ఎస్తేరమ్మ నాకు నీళ్ళు పోస్తూ, పక్కనున్న ఆయాకు చెబుతూ ఉంటే విన్నాను. ఆవిడ చెప్పే తీరులో కాస్త ఉప్పూకారం కలిసే ఉంటాయి, అయినా అసలు సంగతి అబద్ధం కాదు.

నూకరత్నం పనిలోకి వెళ్ళిన మొదటి పూట, అన్నాల వేళకు ఆడవాళ్ళందరూ షెడ్డు కింద క్యారేజీలు విప్పుకుంటున్నారట. మేస్త్రీ వీర్రాజు కుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడట. చెల్లెల్ని ఏ మనుషుల ముందు ‘నాటకాలాడకే’ అందో, ఆ మనుషులందరూ అక్కడే ఉన్నారు. నూకరత్నం క్యారేజీ విప్పలేదు. నిలబడే మాట్లాడింది.

“మీ అందరికీ ఓ మాట చెప్పాలి. మా సత్యవేణిది నాటకం అన్నాను కదా ఆ రోజు. అది నాటకం కాదు, జబ్బు. ఆ జబ్బు నా కడుపులో కూడా ఉందంట, డాక్టరమ్మ లైటు గొట్టంతో చూసి చెప్పింది. దానికంటే నాకే ఎక్కువుండొచ్చంట. నాకు నొప్పి తెలీటం లేదు, అంతే. అది నా గొప్పేం కాదు. దానికి తెలుత్తోంది, అది దాని తప్పూ కాదు. నన్ను చూపించి దాన్ని ఇంకెవరూ ఏవీ అనకండి. అన్నది నేను, నాదే తప్పు.”

వీర్రాజు చుట్ట పక్కకు తీసి, “ఆడాళ్ళ యవ్వారాలు మా ముందెందుకు, పని చూసుకోండి” అన్నాడట.

“ఆడాళ్ళ యవ్వారానికే కదా మేస్త్రీ దాన్ని పనిలోంచి తీసేసేవు” అందట నూకరత్నం.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదట. షెడ్డు చివర కూర్చున్న చామంతుల పార్వతమ్మ, పెద్ద వయసు మనిషి, ఎప్పుడూ నోరెత్తని మనిషి, “మా రెండో పిల్ల కూడా ఇలాగే మెలికలు తిరిగిపోద్ది. నేనే లేపి పన్లోకి తోలేదాన్ని” అందట. తరవాత ఇంకొకామె ఏదో అందట. ఆ పూట అన్నాలు చల్లారిపోయాయని ఎస్తేరమ్మ చెప్పింది.

ఈ కబురు సత్యవేణికి ఎవరు మోశారో తెలియదు. అలాంటి కబుర్లకు కాళ్ళుంటాయి. కొన్నాళ్ళకు అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి ఆసుపత్రి మెట్లెక్కారు. కలిసి అన్నాను గాని, సత్యవేణి రెండడుగులు ముందు నడిచిందట, నూకరత్నం వెనక సంచీ మోసుకుంటూ వచ్చిందట. మాటలింకా కలవలేదు.

సత్యవేణి అక్కలా కాదు. సన్నటి మనిషి, కళ్ళకింద నలుపు, మాట తక్కువ. డాక్టరమ్మ ఆ పక్క గదిలోనే కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పేముందు, ఈవిడ నిజంగా వింటోందా అని చూసుకునేది. చాలామంది చేత నాటకమనిపించుకున్న మనిషి కదా.

“లోపల చూడటానికి పూర్తి మత్తు ఇస్తాను. మచ్చలు కనపడితే అక్కడే కాల్చెయ్యమంటావా? నీ ఇష్టం. ఇప్పుడే చెప్పాలి” అంది డాక్టరమ్మ.

“కాల్చెయ్యండి” అంది సత్యవేణి. మళ్ళీ తనే, “ఏటీ కనపడకపోతే?” అని అడిగింది.

ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆ పిల్ల గొంతు నాకిప్పటికీ గుర్తే. నొప్పికి భయపడే గొంతు కాదది. ఏమీ లేదని తేలితే మళ్ళీ అబద్ధాలకోరు అనిపించుకుంటానన్న భయం. ఒంట్లో జబ్బు ఉండాలని కోరుకుంటూ బల్లెక్కిన మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను.

డాక్టరమ్మ ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“కనపడకపోతే నా కంటికి కనపడలేదని రాస్తాను. నీకు నొప్పి లేదని రాయను” అంది.

పొద్దున్న వెలుతురులో నన్ను సత్యవేణి కడుపులోకి దించారు. డాక్టరమ్మ కుడివైపు చూసింది, శుభ్రంగా ఉంది. ఎడమవైపు చూసింది, శుభ్రం. అండాశయాలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. గర్భసంచి వెనక గోడ గులాబీ రంగులో నున్నగా ఉంది. అక్క కడుపులో ఉన్న నల్లచుక్కల్లో ఇక్కడ ఒక్కటీ లేదు.

ఎస్తేరమ్మ మాస్కు కింద గొణిగింది. “ఏం లేనట్టుందేంటి మేడమ్‌గారూ!”

“ఉండండి.”

భీమశంకరంగారైతే ఈపాటికి నన్ను తుడిచి పెట్టేసేవారు. ఇంకెవరైనా అంతే చేసేవారేమో. నేను చూడగలను గాని వేలు పెట్టి చూపించలేను. నా పనిలో నాకున్న ఒకే ఒక బాధ అది. డాక్టరమ్మ నన్ను ఇంకా లోపలికి, దగ్గరికి తీసుకెళ్ళింది. “గర్భసంచి కాస్త పైకెత్తండి” అంది. ఎస్తేరమ్మ కింద నుంచి సన్నటి కడ్డీతో ఎత్తి పట్టుకుంది. మడతల్లో మడత, దానికింద ఇంకో మడత తెరుచుకుంది. గర్భసంచిని వెన్ను వైపు పట్టి ఉంచే తాడులాంటి కట్టు మొదట్లో, బియ్యపుగింజంత తెల్లటి ముడి కనపడింది. చుట్టూ పొర ఎవరో సూదితో లాగి బిగించినట్టు ముడతలు పడి ఉంది. పక్కన నీటిబొట్లలాంటి రెండు బుడగలు, వాటికి ఎర్రటి రక్తనాళాల అల్లిక.

డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది. తరవాత నన్ను కదలకుండా పట్టుకుని, “సిస్టర్, వచ్చి చూడండి” అంది.

ఎస్తేరమ్మ కన్ను ఆనించి చూసింది. “ఇంతేనా?” అంది.

“ఇంతే. నరాలు వెళ్ళే దారిలో కూర్చుంది మహాతల్లి.”

కాల్చాల్సింది కాల్చింది. ముడిని కత్తిరించి తీసింది. పని అయ్యేసరికి కళ్ళజోడు మొత్తం చెమటతో మసకబారిపోయింది.

సాయంత్రం సత్యవేణిని అదే పక్క గదిలో మంచం మీద ఉంచారు. నూకరత్నం కింద కూర్చుని ఉంది. డాక్టరమ్మ వచ్చి, దొరికిందని చెప్పింది. ఎంత అని అడిగింది సత్యవేణి. వేలి చివర గోరుతో చూపించింది డాక్టరమ్మ. సత్యవేణి మొహం మాడిపోయింది.

“అంతేనా అండి? అక్కకి కడుపంతా ఉందన్నారు. నాకు కొంచెమేనా?”

“కొంచెమే. నీకు నొప్పి రావడానికి అది చాలు.”

“దీంతో పూర్తిగా పోద్దా అండి?”

“చెప్పలేను. చాలామందికి తగ్గుతుంది. కొందరికి మళ్ళీ రావచ్చు. మాత్రలు రాస్తాను, వాడు. వస్తే మళ్ళీ చూద్దాం. ఈసారి ఎవరి అనుమతీ అడక్కుండా నా దగ్గరికి వచ్చెయ్యి.”

డాక్టరమ్మ వెళ్ళిపోయాక గదిలో అక్కచెల్లెళ్ళిద్దరూ, ట్రేలో నేనూ మిగిలాం. నూకరత్నం సంచీలోంచి గ్లాసు తీసి, ఫ్లాస్కులో టీ పోసి, చల్లారబెట్టి, చెల్లెలి నోటి దగ్గర పెట్టింది. సత్యవేణి తాగలేదు, తల తిప్పుకోనూ లేదు.

“నీకు నిజంగా ఏటీ తెలీదా అక్కా? ఒక్కసారి కూడా?”

“తెలీదే. ఒట్టు.”

“అంతుంచుకుని?”

“అంతుంచుకునే.”

సత్యవేణి అక్క మొహంలోకి చూసి, “ఎంత మొద్దు ఒళ్ళే నీది” అంది. అంటూ అంటూనే నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. “అబ్బా, నవ్వించకే” అని కడుపు పట్టుకుంది. నవ్వించింది తను కాదని నూకరత్నం అంటోంది, ఇద్దరి కళ్ళలోంచీ నీళ్ళు కారిపోతున్నాయి. టీ గ్లాసు సగం దుప్పటి మీద ఒలికింది. లోపలికి వచ్చిన ఎస్తేరమ్మ దుప్పటి కోసం ఇద్దరినీ తిట్టింది.

సత్యవేణికి నొప్పి పూర్తిగా పోలేదు. మంచం కోడు పట్టుకునే నొప్పి పోయి, మాత్ర వేసుకుంటే నిలబడగలిగే నొప్పి మిగిలింది. వీర్రాజు దగ్గరకు ఆవిడ మళ్ళీ వెళ్ళలేదు. పక్క నర్సరీ యజమానురాలు మాణిక్యాంబగారు పిలిచి పని ఇచ్చింది. బాగోలేని రోజున నీడన కూర్చుని అంట్లు కట్టుకోమంది. ఏడాది తిరిగేసరికి నూకరత్నం కూడా అక్కడికే మారిపోయింది. పిల్లల సంగతి అడుగుతారేమో, సత్యవేణికి పుట్టలేదు. అక్క పిల్లలు సగంరోజులు ఆవిడ ఇంట్లోనే ఉండేవారు.

డాక్టరమ్మ పద్ధతి మాత్రం మారింది. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా’ అని అడగడం మానేసింది. ఆ ప్రశ్నకు మా ఆడవాళ్ళ దగ్గర ఒకటే జవాబు, లేవండి అని. నెలసరి రోజుల్లో ఏం పని చేస్తావు, ఎక్కడ కూర్చుంటావు, ఏం తింటావు, నీ అక్కచెల్లెళ్ళ సంగతేంటి అని కబుర్లలా అడిగేది. నొప్పి లేకుండా మచ్చలు కనపడ్డవాళ్ళకు బల్ల మీద ఉండగా ఒక్కమాటా పైకి అనేది కాదు. తరవాత కూర్చోబెట్టి, భయపెట్టకుండా చెప్పేది. ఒకసారి కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టరు, “అయితే మేడమ్, ఏ నొప్పీ లేనివాళ్ళందరికీ కూడా లోపలికి వెళ్ళి చూసేస్తే పోలా?” అన్నాడు ఉత్సాహంగా.

“దేనికి? ఊరికే కడుపులు కొయ్యడానికా?” అంది ఆవిడ. “వేరే పనిమీద లోపలికి వెళ్ళినప్పుడు కళ్ళు తెరుచుకుని చూడు. బయట ఉన్నప్పుడు చెవులు తెరుచుకుని విను. అది చెయ్యి ముందు.”

నూకరత్నం మధ్యమధ్యలో వచ్చేది, ఏదో వంకతో. ఒకసారి బంతి మొక్కలు తెచ్చి థియేటరు ముందు పాతింది. ఇంకోసారి వచ్చి, “నాది పెరిగిందేమో ఒకసారి లైటేసి చూత్తారేటండి?” అంది.

“నొప్పి ఉందా?”

“లేదండి.”

“అన్నం తింటున్నావా?”

“ఆయ్, శుభ్రంగా.”

“అయితే ఇంటికెళ్ళు.”

నూకరత్నం కాస్త నిరాశగానే వెళ్ళింది. ఆవిడ కడుపు నేను మళ్ళీ చూడలేదు. ఆ మచ్చలు ఉన్నాయో, వయసుతో ఎండిపోయాయో నాకు తెలియదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. కొన్నేళ్ళకు కెమెరాలు తగిలించిన కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళు చూసింది టీవీలో గదంతా చూడొచ్చు. నేను పాతవాణ్ణయిపోయాను. ఒకసారి ట్రేలోంచి జారి నేలమీద పడ్డాను, లోపల ఒక గాజు కడ్డీ పగిలింది. అప్పటి నుంచి నా చూపులో పక్కగా నల్లటి చందమామ ఒకటి వచ్చి కూర్చుంది. హైమావతిగారు బదిలీపై వెళ్ళేటప్పుడు నన్ను చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు పెట్టి ఒకసారి చూసింది. ఏం కనపడిందో చెప్పలేదు. ఎస్తేరమ్మ రిటైరయ్యే ముందు నన్ను చెత్తలోకి పోనివ్వకుండా నర్సింగు స్కూలుకు ఇప్పించింది.

ఇప్పుడు అక్కడ గాజు బీరువాలో, ఇంకా కొన్ని పాత పరికరాల మధ్య పడుకుని ఉన్నాను. ఏడాదికోసారి నన్ను బయటికి తీసి కొత్త పిల్లల చేతికిస్తారు. వాళ్ళు నన్ను తుపాకీలా పట్టుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. మొన్న అలాగే తీశారు. వెనక వరసలో ఒక అమ్మాయి బల్ల మీద తల వాల్చేసి ఉంది, పెదవులు పాలిపోయి, ఒక చెయ్యి పొత్తికడుపు మీద. పాఠం చెప్పే టీచరు ఏమైందని అడిగింది.

“ఏం లేదు మేడమ్. మామూలే” అంది ఆ అమ్మాయి.

టీచరు నన్ను పక్కన పెట్టింది. పాఠం ఆపి, కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుంది.

“మామూలంటే ఎలా ఉంటుందో చెప్పు తల్లీ” అంది.

ఆ అమ్మాయి మెల్లగా తలెత్తింది. చెప్పడం మొదలుపెట్టింది.